కొత్త వంటింటికి ఎటువంటి కత్తి కొనాలి, దానికి ఇంట్లోనే పదును పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. మేము ఈమధ్యనే మిర్యాలగూడలో కొత్త ఇంట్లోకి మారాము. వంట పనిని నేనూ మా ఆవిడా పంచుకుంటాము. కూరగాయలు తరగడం, చికెన్‌ను చిన్న ముక్కలు చేసుకోవడం ఎక్కువగా నా వంతుకే వస్తాయి. ప్రస్తుతం ఇంట్లో స్టీలు సామాన్ల దుకాణంలో కొన్న ప్లాస్టిక్ పిడి చాకులు, ఒక పెద్ద కత్తి, దేవరకొండ నుంచి మా అమ్మ పంపించిన పాత కత్తిపీట ఉన్నాయి. చాకులు టమాటను కోయడానికి బదులు నలిపేస్తున్నాయి, ఉల్లిగడ్డ మీద పెడితే జారిపోతున్నాయి. వీధిలోకి సైకిలు చక్రంతో సాన పట్టే ఆయన వస్తే పెద్ద కత్తిని ఇచ్చాము. రవ్వలు లేచేలా పట్టి ఇచ్చిన రోజు బాగానే తెగింది కాని, కొద్ది రోజుల్లోనే మళ్లీ మొద్దుబారింది; పైగా మొన దగ్గర అంచు నీలిరంగుకు తిరిగింది.

ఇప్పుడు ఒకటి రెండు మంచి కత్తులు కొని, వాటిని ఏళ్ల తరబడి వాడుకోవాలని అనుకుంటున్నాము. దుకాణంలో చూస్తే ఆరేడు కత్తులు ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే జర్మనీవనీ, జపానువనీ ధరలు ఎక్కడికో పోతున్నాయి. మామూలు ఇంటి వంటకు నిజంగా ఎన్ని కత్తులు కావాలి, కొనేటప్పుడు ఏమి చూసుకోవాలి, పదును ఇంట్లోనే పెట్టుకోవచ్చునా, ఆ నీలిరంగు తేలిన కత్తి ఇక పనికి వస్తుందా అన్నది అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు. గట్టు గ్రానైటుది కాబట్టి ఇన్నాళ్లూ దాని మీదే నేరుగా కోస్తున్నాము, అది కూడా కారణమేమో చెప్పగలరు.

జవాబు (వనపర్తి నుంచి)

అన్నా, మాది కమ్మరి కుటుంబం. మా తాతల కొలిమి ఇప్పుడు లేదు, నేను లేత్ మిషన్ల పని చేస్తున్నాను, అయినా ఇనుముతో సంబంధం తెగలేదు. అందుకని మీరు చివర అడిగిన నీలిరంగు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి.

కత్తి ఉక్కును ఎర్రగా కాచి ఒక్కసారిగా చల్లార్చితే అది చాలా గట్టిపడుతుంది కాని, గాజులాగా పెళుసుగా కూడా అవుతుంది. ఆ పెళుసుదనం తగ్గడానికి దానిని మళ్లీ తక్కువ వేడి మీద, వంటింటి కత్తులకైతే సాధారణంగా 150 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ మధ్య, కాసేపు ఉంచి నెమ్మదిగా చల్లారనిస్తారు. కత్తి పనితనమంతా ఆ రెండో వేడిలోనే ఉంది. పొడి సానచక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు కత్తిని గట్టిగా అదిమి పట్టుకుంటే, పలచని అంచు క్షణాల్లో అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. నీలిరంగు తేలిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా పోయిందన్నమాట, అంతమేరకు ఉక్కు మెత్తబడిందన్నమాట. మెత్తబడిన అంచు పదునుగా కనిపించినా నిలవదు, మీకు జరిగింది అదే. సాన పట్టేవారందరూ ఇలా చేస్తారని కాదు. చక్రం మీద నీళ్లు చుక్కలుగా పడేలా ఏర్పాటు చేసుకుని, కత్తిని మాటిమాటికి నీళ్లలో ముంచుతూ పట్టే పనిమంతులు మా పాలమూరు అంగళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ కత్తిని పారేయవలసిన పని లేదు. నీలం ఉన్నంత మేర లోహాన్ని చేతి రాయి మీద నెమ్మదిగా అరగదీస్తే లోపలి మంచి ఉక్కు బయటికి వస్తుంది, ఓపిక మాత్రం కావాలి. అన్నట్టు, చాకును గ్యాస్ పొయ్యి మంట మీద కాల్చి ప్లాస్టిక్ సీసాలకు రంధ్రాలు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, దానివల్ల కూడా ఇదే నష్టం జరుగుతుంది.

ఇక కొనే విషయం. అయస్కాంతం అంటుకుంటే అది అసలు స్టెయిన్‌లెస్ కాదని మన దగ్గర చాలామంది నమ్ముతారు. గిన్నెలు, గ్లాసుల విషయంలో ఆ పరీక్షకు కొంత అర్థం ఉంది కాని, కత్తుల విషయంలో అది పూర్తిగా తలకిందులు. గిన్నెలకు వాడే నికెలు కలిసిన స్టీలును కాచి గట్టిపరచడం సాధ్యం కాదు. కత్తికి కావలసిన, కాచితే గట్టిపడే స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకోవలసిందే. అంటుకోకపోతే ఆ కత్తిని కొనకండి. తుప్పు పట్టకుండా ఉండటానికి ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండాలి, పదును నిలవడానికి తగినంత కార్బన్ ఉండాలి. జర్మన్ తరహా కత్తుల మీద ‘ఎక్స్50 సీఆర్‌ఎంఓవీ15’ అని రాసి ఉంటే సుమారు అర శాతం కార్బన్, 15 శాతం క్రోమియం ఉన్నాయని అర్థం. గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెబుతారు. ఈ తరహా కత్తులు 55 నుంచి 58 మధ్య ఉంటాయి, జపాను కత్తులు చాలావరకు 60, ఆ పైన ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ పదును ఎక్కువ కాలం నిలుస్తుంది కాని, అంచు పెచ్చులూడే అవకాశమూ పెరుగుతుంది, రాయి మీద అరగడానికి సమయమూ ఎక్కువ పడుతుంది. మాంసం, గుమ్మడికాయ, చామగడ్డ అన్నీ ఒకే కత్తితో కోసుకునే మన వంటిళ్లకు 56 దగ్గర ఉన్నదే నా ఉద్దేశంలో సరైనది.

పెట్టెలో వచ్చే ఆరేడు కత్తులు అవసరం లేదు. ఎనిమిది అంగుళాల పెద్ద కత్తి ఒకటి, మూడున్నర నాలుగు అంగుళాల చాకు ఒకటి ఉంటే ఇంటి వంట సాగిపోతుంది. కొనేటప్పుడు మొనను మీకు ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూడండి, ఏ వంకరా కనిపించకూడదు. అంచును సమతలమైన బల్ల మీద ఆనించి, మధ్యలో వెలుతురు దూరుతున్నదేమో చూడండి. చెక్క పిడి అయితే కత్తి ఉక్కు ఆ పిడి చివరి దాకా పోయి రివిట్లతో బిగించి ఉండాలి. స్విట్జర్లాండు విక్టోరినాక్స్ వంటి వాటికి అచ్చుపోసిన పిడి ఉంటుంది, అదీ గట్టిదే, పైగా నీళ్లు లోపలికి దూరవు. అన్నిటికంటే ముఖ్యంగా చేతిలో పట్టుకుని చూడకుండా కొనకండి.

మంచి ఉక్కు అంటే విదేశాలదేనని అనుకోవద్దని మాత్రం ఒక్క మాట చెప్పాలి. మన తెలంగాణలోనే, నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసలలో కాచి తీసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి ఉండేవారని 19వ శతాబ్దంలో అక్కడికి వెళ్లి చూసిన బ్రిటిషు భూగర్భ శాస్త్రజ్ఞుడు వోయిసీ రాసిపెట్టాడు. తుప్పు పట్టని ఉక్కును ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది 1913లో. అంతకు ముందు లోకమంతా తుప్పు పట్టే కత్తులతోనే వంట చేసుకుంది. మీ అమ్మగారు పంపిన కత్తిపీట పాతది అయితే దాని ఉక్కు మీరు కొనబోయే కత్తికి ఏమాత్రం తీసిపోకపోవచ్చు.

జవాబు (నల్లగొండ నుంచి)

తమ్ముడూ, వనపర్తి అన్నగారు ఉక్కు గురించి చెప్పింది నాకు చాలా తెలియని విషయం, చదివి సంతోషించాను. నేను వంట వైపు నుంచి చెబుతాను. మీ కత్తులు పాడుకావడానికి మొదటి కారణం మీ గ్రానైటు గట్టే. మన జిల్లాలో ఏ గుట్ట చూసినా ఆ రాయే కాబట్టి అందరి ఇళ్లలోనూ గట్లు దానివే వేయించుకుంటున్నాము, కాని అది ఉక్కు అంచుకు శత్రువు. కత్తి ఉల్లిగడ్డను దాటి రాయిని తాకిన ప్రతిసారీ ఆ సన్నని అంచు ఒక పక్కకు మడత పడుతుంది. గాజు పలకలూ అంతే, ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న స్టీలు చాపింగ్ బోర్డులూ అంతే. కడగడానికి సులువని చెప్పి అమ్ముతారు, ఎంత మంచి కత్తినైనా తొందరగా మొద్దుబరుస్తాయి.

చెక్క పలక కొనండి. మటన్ దుకాణాలలో చింత మొద్దునే ఎందుకు వాడతారో గమనించారా? ఎన్ని వేట్లు పడినా చీలదు, కత్తినీ చెడగొట్టదు. అటువంటి చింత చెక్కను వడ్రంగి దగ్గర అంగుళంన్నర మందంగా కోయించి, నున్నగా చిత్రిక పట్టించుకుంటే ఒక తరం వస్తుంది. మామిడి చెక్క, వేప చెక్క కూడా పనికి వస్తాయి, అయితే వేప కొత్తలో కొంత వాసన ఇస్తుంది. పలక కింద తడిగుడ్డ పరిస్తే కదలదు. పచ్చి మాంసానికి, చేపలకు వేరే పలక తప్పనిసరిగా పెట్టుకోండి, దానికి ప్లాస్టిక్ పలక చాలు.

రెండో మాట, ఏ పని ఏ కత్తితో చేయకూడదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఎండాకాలంలో మామిడికాయ పచ్చడికి టెంకతో సహా ముక్కలు కొట్టేటప్పుడు పెద్ద కత్తిని తీసుకుంటారు. ఆ ఒక్క రోజుతో అంచు పెచ్చులూడిపోతుంది. పచ్చడి కాయలను బజారులోనే కొట్టించుకోండి, లేదా దానికోసమే ఉన్న బరువు కత్తి వాడండి. మటన్ ఎముకలు దుకాణంలోనే కొట్టించుకోవాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన చికెన్ మీద కత్తి పెట్టకూడదు. కొబ్బరి చిప్పను కత్తి వెన్నుతో కొట్టడం కూడా మంచిది కాదు. తరిగిన ముక్కలను గిన్నెలోకి తోసేటప్పుడు అంచుతో పలకను గీకే అలవాటు నాకు తెలిసి అందరికీ ఉంది, కత్తిని తిప్పి వెన్నుతో తోయండి.

ఇక కత్తిపీట. కొత్త కత్తి వచ్చింది కదా అని దానిని అటక మీద పెట్టేయవద్దని నా మనవి. పుంటికూర కట్టలు, బీరకాయలు, పెద్ద సోరకాయ, చేపలు, వీటికి కత్తిపీటను మించినది నేను చూడలేదు, ఎందుకంటే అక్కడ కత్తి కదలదు, రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి. సన్నగా కొత్తిమీర తరగడానికి, ఉల్లిగడ్డను సమానంగా కోయడానికి కత్తీ పలకా మేలు. మోకాళ్ల నొప్పులున్నవారు కింద కూర్చోలేరు కాబట్టి నిలబడి కోసుకోవడమే వారికి దారి. చిన్న పిల్లలున్న ఇంట్లో కత్తిపీటను పని అయిన వెంటనే పక్కకు పడుకోబెట్టి, అంచు గోడ వైపు ఉండేలా పెట్టాలి, ఇందులో మాత్రం ఏమరుపాటు పనికిరాదు.

జవాబు (జడ్చర్ల నుంచి)

నేను పెళ్లిళ్లకు వంటలు చేసే బృందంలో పని చేస్తాను. బస్తాల కొద్దీ ఉల్లిగడ్డలు కోసేవాళ్లం కాబట్టి పదును మాకు సౌకర్యం కాదు, అవసరం. మొద్దు కత్తి ఉల్లిగడ్డను కోయదు, నలుపుతుంది. నలిగిన కొద్దీ లోపలి రసాలు కలిసి కళ్లు మండించే ఆవిరి ఎక్కువ పుడుతుంది. పదునైన కత్తితో కోసిన రోజు కళ్ల నీళ్లు తక్కువగా రావడం మీరే గమనిస్తారు. చేతులు తెగేది కూడా ఎక్కువగా మొద్దు కత్తులతోనే, ఎందుకంటే తెగడం లేదని బలం పెడతాము, బలం పెట్టినప్పుడే కత్తి జారుతుంది.

పదును ఇంట్లోనే పెట్టుకోవచ్చు. 1000 గ్రిట్ నీళ్ల రాయి (నీళ్లలో నానబెట్టి వాడే సానరాయి; గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) ఒకటి ఉంటే చాలు. అది దొరకకపోతే హార్డువేరు దుకాణాల్లో ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు ఉన్న కార్బొరండం రాయి అమ్ముతారు, మొద్దుబారిన కత్తులకు మొదట్లో అదే మేలు. నీళ్ల రాయిని బుడగలు ఆగిపోయేదాకా నీళ్లలో నాననిచ్చి, తడిగుడ్డ మీద కదలకుండా పెట్టుకోండి. కార్బొరండం రాయికి నీళ్లు గాని నూనె గాని ఏదో ఒకటే వాడండి. ఒకసారి నూనె వాడిన రాయి మీద తరవాత నీళ్లు సరిగ్గా పనిచేయవు.

కొత్తవారికి కష్టమనిపించేది కోణం. అంచు వైపు రాయి మీద ఆనించి వెన్నును కొద్దిగా ఎత్తాలి. ఎంత ఎత్తాలన్నదానికి లెక్క ఉంది: వెన్ను నుంచి అంచుకు 4 సెంటీమీటర్ల వెడల్పున్న కత్తి అయితే వెన్నును రాయికి ఒక సెంటీమీటరు పైన ఉంచితే సుమారు 15 డిగ్రీలు వస్తుంది, దాదాపు ఒక సెంటీమీటరున్నర దగ్గర ఉంచితే 20 డిగ్రీలు దాటుతుంది. మన ఇళ్లలో అన్ని పనులకూ వాడే కత్తికి ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట పెట్టుకుంటే సరిపోతుంది. ఎంత కోణమన్నదాని కంటే, మొదలు నుంచి చివరి దాకా అదే కోణం నిలపడం ముఖ్యం. నిలుస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు పూసి, రెండు మూడు సార్లు రాయి మీద నడిపి చూడండి. రంగు అంచు దాకా పోతే కోణం సరిగ్గా ఉన్నట్టు. అంచు మీద రంగు మిగిలి పైన మాత్రం పోతే వెన్నును మరికొంచెం ఎత్తాలి. అంచు కొసన మాత్రమే పోతే ఎక్కువ ఎత్తుతున్నారన్నమాట.

ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి వేళ్లను కత్తి పక్క మీద, అంచుకు వెనకగా ఆనించి, మడమ (పిడి దగ్గరి అంచు కొస) నుంచి మొన దాకా కొద్దికొద్దిగా జరుపుతూ ఒకే పక్కను నూరండి. రాయి మీద బూడిదరంగు బురద తేలుతుంది, దానిని కడిగేయవద్దు, అది కూడా పని చేస్తుంది. ఎప్పుడు ఆపాలన్నది చాలామందికి తెలియని విషయం. బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు దాటి బయటికి మెల్లగా లాగి చూడండి (అంచు వెంబడి ఎన్నడూ లాగవద్దు), నూరని పక్కన సన్నని గరుకు వేలికి తగులుతుంది. ఈ పక్క లోహం అంచు కొస దాకా అరిగి అవతలికి పొంగిందని దాని అర్థం. ఆ గరుకు మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా తగిలితేనే ఆ పక్క పూర్తయినట్టు. అది రాకముందే కత్తిని తిప్పేస్తే ఎంతసేపు నూరినా పదును రాదు; ఇంట్లో రాయి పెట్టుకుని కూడా లాభం లేదని చెప్పేవారు దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోతారు.

గరుకు వచ్చాక రెండో పక్క కూడా అలాగే నూరి, గరుకు ఇటు పక్కకు మారిందని చూసుకుని, ఆ తరవాత బలం తగ్గిస్తూ ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క నడపండి. చివరగా పాత తోలు బెల్టు లోపలి వైపున గాని, గట్టి జీన్స్ గుడ్డ మీద గాని అంచును వెనక్కి లాగుతూ తుడిస్తే మిగిలిన గరుకు రాలిపోతుంది. దినపత్రిక కాగితాన్ని ఒక చేత్తో వేలాడదీసి కోసి చూడండి. ఎక్కడ చిరిగిపోతే అక్కడ గరుకు మిగిలిందన్నమాట. పండిన టమాట మీద కత్తిని బలం పెట్టకుండా ముందుకు లాగినప్పుడు తొక్క తెగితే వంటకు ఆ పదును చాలు.

గుండ్రటి ఉక్కు కడ్డీ మీద కత్తిని రెండు పక్కలా రాయడం పదును పెట్టడం కాదు, పక్కకు మడిచిన అంచును నిలబెట్టడం మాత్రమే. వంటకు ముందు నాలుగైదు సార్లు రాస్తే రాయి అవసరం వెనక్కి పోతుంది. కడ్డీ లేకపోతే పింగాణీ కప్పును బోర్లించి, అడుగున పూత లేని గరుకు అంచు మీద మెల్లగా రాయండి, అత్యవసరానికి అది బాగా పనిచేస్తుంది. కత్తిని నడుమ పెట్టి లాగే పరికరాలు తొందరగా పదును ఇస్తాయి కాని అంచును చీరేస్తాయి, మంచి కత్తికి వాటిని వాడవద్దు. షాబాదు బండ మీద రాసేవారున్నారు, అది సున్నపురాయి, ఉక్కు కంటే చాలా మెత్తన, దానివల్ల పదును రాదు.

వనపర్తి అన్నగారితో ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. రోజూ కోసేవారికి 60 దగ్గర గట్టిదనం ఉన్న కత్తి కూడా మేలే, పలక చెక్కదై, ఎముక జోలికి పోనంత వరకు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. చింత పలక ఈ వారంలోనే చేయిస్తున్నాము, పాత పెద్ద కత్తి మీదే ముందు రాయి పని నేర్చుకుంటాను. కత్తిపీట గురించి ఇంకొక్కటి అడగాలి. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, దాని మీద తుప్పు మచ్చలు తేలాయి. అంచు వంపుగా ఉంది కాబట్టి దానిని రాయి మీద ఎలా పెట్టాలో తెలియడం లేదు. మామిడికాయ కోస్తే నల్లబడుతుంది కూడా, అది ప్రమాదమా?

జవాబు (వనపర్తి నుంచి)

నల్లబడటం వేరు, తుప్పు వేరు. పులుపు, వగరు ఉన్నవి ఇనుముకు తగిలితే నల్లబడతాయి, దానివల్ల హాని లేదు. ఆ నలుపు స్థిరపడితే తుప్పు కొంత తగ్గుతుంది కూడా. మామిడి, వంకాయ ముక్కల రంగు మారకూడదనుకుంటే వాటిని మాత్రం స్టీలు కత్తితో కోయండి. ఎర్రటి తుప్పును చింతపండు గుజ్జుతో కాసేపు తడిపి ఉంచి, మెత్తటి ఇటుక పొడితో తోమితే పోతుంది. బోరు నీళ్లలోని ఉప్పు స్టెయిన్‌లెస్ మీద కూడా సన్నని గుంటలు పెడుతుంది, కాబట్టి ఏ కత్తినైనా కడిగి నీళ్లలో వదిలేయకుండా వెంటనే పొడి గుడ్డతో తుడవాలి.

తుడిచాక కత్తిపీటకు పలచగా ఆముదం రాయండి. మన రెండు జిల్లాల్లోనూ ఆముదాలు పండుతాయి, మంచి నూనె సులువుగా దొరుకుతుంది. అది కుసుమ నూనెలాగా గాలికి ఎండి జిగురుగా అట్టకట్టదు. వాడే ముందు ఒకసారి తుడిచేస్తే సరి.

వంపు అంచు విషయంలో పద్ధతి తిరగేయాలి, అంటే కత్తి కదలకూడదు, రాయే కదలాలి. బొల్టుతో బిగించినదైతే పీట నుంచి ఊడదీయండి, లేకపోతే పీటను కాలితో కాకుండా ఇంకొకరిని గట్టిగా పట్టుకోమనండి. అరచేతిలో ఇమిడే చిన్న రాయిని తడిపి, వేళ్లు రాయి మీది ముఖానికి దాటి బయటికి రాకుండా పట్టుకుని, అంచు నుంచి వెన్ను వైపుకే నడపండి, ఎదురు దిశలో వద్దు. వంపు లోపలి వైపుకు చప్పట రాయి ఆనదు, అక్కడ గుండ్రటి రాయి గాని, సన్నని ఉప్పుకాగితం చుట్టిన కర్ర గాని వాడండి. గరుకు వచ్చిందో లేదో చూసుకునే పద్ధతి మాత్రం జడ్చర్ల ఆయన చెప్పినదే, ఇక్కడా తేడా లేదు.